నుస్రత్ గాత్రానికి లండన్ లయ: ‘స్టార్ రైజ్’ రీమిక్స్ ఆల్బమ్ లేవనెత్తిన ప్రశ్నలు

ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ 1997 ఆగస్టు 16న లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్లు. అదే ఏడాది బ్రిటన్‌కు చెందిన రియల్ వరల్డ్ రికార్డ్స్ సంస్థ నుంచి ‘స్టార్ రైజ్’ అనే ఆల్బమ్ వెలువడింది. ముఖచిత్రంపై నుస్రత్ పేరుతో పాటు కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్ పేరు ఉంది. అయితే వారిద్దరూ ఈ ఆల్బమ్ కోసం కొత్తగా పాడిందీ, వాయించిందీ ఏమీ లేదు. వారి రెండు పాత ఆల్బమ్‌లలోని పాటలను బ్రిటన్‌లో స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాల యువ సంగీతకారులు ఎలక్ట్రానిక్ సంగీతంగా తిరిగి మలిచారు. అందులోని ప్రతి పాటా ఒక రీమిక్స్.

ఒక పాకిస్తానీ గాయకుడి గాత్రం, ఒక కెనడా సంగీతకారుడి రూపకల్పన, ఒక ఆంగ్ల సంస్థ స్టూడియో, భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్న లండన్ కళాకారుల యంత్రాలు కలిస్తే ఈ ఆల్బమ్ అయింది. అంతర్జాతీయ కళాకారులతో కూర్చిన రీమిక్స్ సంకలనాలు ఎలా తయారవుతాయో, వాటి వల్ల మూల గాయకుడికి దక్కేదేమిటో, పోయేదేమిటో తెలుసుకోవడానికి ఇది చక్కని ఉదాహరణ. మరణించిన గాయకుల గొంతులను కృత్రిమ మేధ పునఃసృష్టిస్తున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్నలు మరింత పదునెక్కాయి.

రీమిక్స్ అంటే ఏమిటి?

తెలుగు ప్రేక్షకులకు ‘రీమిక్స్’ అనగానే పాత సినిమా పాట కొత్త సినిమాలో మళ్లీ వినిపించడం గుర్తుకొస్తుంది. చిరంజీవి నటించిన ‘గ్యాంగ్ లీడర్’లోని వాన పాట రామ్‌చరణ్ ‘రచ్చ’ చిత్రంలో 2012లోనూ, ‘కొండవీటి దొంగ’లోని యుగళగీతం ‘నాయక్’ చిత్రంలో 2013లోనూ కొత్త వాద్యాలతో తిరిగి వచ్చాయి. వాడుకలో వీటిని రీమిక్స్‌లు అంటున్నా, సాంకేతికంగా ఇవి కొత్త ధ్వనిముద్రణలు. అదే బాణీని కొత్త గాయకులు, కొత్త వాద్యబృందం తిరిగి పాడి, వాయించినవి.

అసలైన రీమిక్స్ పద్ధతి వేరు. స్టూడియోలో పాటను రికార్డు చేసేటప్పుడు గాత్రం, తబలా, హార్మోనియం, గిటార్ వంటివి వేర్వేరు ట్రాక్‌లపై నమోదవుతాయి. ఆ ట్రాక్‌ల హెచ్చుతగ్గులను సరిచూసి, వాటిని కలిపి చివరి రూపం ఇవ్వడమే మిక్సింగ్. రీమిక్స్ చేసే వ్యక్తి ఆ విడి ట్రాక్‌లను తీసుకుని, కొన్నింటిని తొలగించి, మరికొన్నింటికి కొత్త ధ్వనులు జోడించి పాటను మరోలా కలుపుతాడు. గాయకుడు ఒకప్పుడు పాడిన గొంతే వినిపిస్తుంది, దాని చుట్టూ ఉన్న లోకం మాత్రం మారిపోతుంది.

దీనికి దగ్గరగా ఉండే మూడో పద్ధతి శాంప్లింగ్. ఒక పాట నుంచి చిన్న ముక్కను, కొన్నిసార్లు ఒకటి రెండు సెకన్ల ధ్వనిని మాత్రమే తీసుకుని వేరే పాటలో వాడుకోవడం శాంప్లింగ్. తిరిగి పాడటం, రీమిక్స్, శాంప్లింగ్ అనే ఈ మూడింటికీ చట్టం దృష్టిలో వేర్వేరు అనుమతులు అవసరం. వీటి మధ్య తేడా తెలియకపోవడమే అనేక వివాదాలకు మూలం.

కింగ్‌స్టన్‌లో మొదలైన ప్రయోగం

రీమిక్స్ కళకు పుట్టినిల్లుగా జమైకా రాజధాని కింగ్‌స్టన్‌ను చెబుతారు. అక్కడ రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కింగ్ టబ్బీ 1970ల ఆరంభం నాటికి రెగే పాటల నుంచి గాత్రాన్ని తగ్గించి, డ్రమ్స్‌నూ బేస్‌నూ ముందుకు తెచ్చి, ప్రతిధ్వనులు చేర్చి ‘డబ్’ అనే కొత్త శైలిని తీర్చిదిద్దారు. మిక్సింగ్ బల్లను ఆయన ఒక వాద్యంలా వాయించారని సంగీత చరిత్రకారులు అంటారు. వీధుల్లో భారీ స్పీకర్లు నిలబెట్టి పాటలు వినిపించే బృందాలకు అవి ఎంతో ఉపయోగపడ్డాయి. గాత్రం తగ్గిన చోట వేదికపై ఉన్నవారు తమ మాటలు కలిపేవారు.

ఇంచుమించు అదే కాలంలో న్యూయార్క్ డిస్కో క్లబ్‌లలో మరో అవసరం తలెత్తింది. రేడియో కోసం మూడు నిమిషాలకు కుదించిన పాట నాట్యం చేసేవారికి చాలేది కాదు. టామ్ మౌల్టన్ వంటివారు పాటలోని లయభాగాన్ని పొడిగించి కొత్త మిక్స్‌లు తయారుచేశారు. 1976లో సాల్‌సోల్ సంస్థ డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాటను వాల్టర్ గిబ్బన్స్ మిక్స్‌తో 12 అంగుళాల రికార్డుగా మార్కెట్లోకి తెచ్చింది. సామాన్య శ్రోతలు కొనుక్కునేలా అమ్మకానికి పెట్టిన తొలి 12 అంగుళాల సింగిల్‌గా దీనికి పేరుంది.

ఒక్కో పాటకే పరిమితమైన రీమిక్స్ క్రమంగా ఆల్బమ్ స్థాయికి ఎదిగింది. 1982లో బ్రిటన్ బృందం హ్యూమన్ లీగ్ తమ పాటల రీమిక్స్‌లతో ‘లవ్ అండ్ డ్యాన్సింగ్’ను విడుదల చేసింది. 1995లో మ్యాడ్ ప్రొఫెసర్ మ్యాసివ్ అటాక్ బృందం ఆల్బమ్‌ను పూర్తిగా డబ్ శైలిలోకి మార్చి ‘నో ప్రొటెక్షన్’గా అందించారు. 1999లో అమెరికా స్వరకర్త స్టీవ్ రైష్ రచనలపై బ్రిటన్, జపాన్, అమెరికా కళాకారులు చేసిన రీమిక్స్‌లు ‘రైష్ రీమిక్స్‌డ్’గా వచ్చాయి. ఒక ప్రసిద్ధ కళాకారుడి మూల ధ్వనులను ఎందరికో పంచి, ఒక్కొక్కరి నుంచి ఒక్కో వ్యాఖ్యానాన్ని రాబట్టే నమూనా ఇలా స్థిరపడింది. ‘స్టార్ రైజ్’ ఆ వరుసలో వచ్చినదే.

జలంధర్ మూలాలు, విల్ట్‌షైర్ స్టూడియో

నుస్రత్ 1948 అక్టోబరు 13న నేటి ఫైసలాబాద్‌లో జన్మించారు. అప్పట్లో ఆ నగరం పేరు ల్యాల్‌పూర్. దేశ విభజన సమయంలో ఆయన కుటుంబం జలంధర్ నుంచి అక్కడికి తరలివెళ్లింది. తండ్రి ఫతే అలీ ఖాన్ 1964లో మరణించగా, పినతండ్రి ముబారక్ అలీ ఖాన్ అనంతరం 1971లో కుటుంబ ఖవ్వాలీ బృందానికి నుస్రత్ సారథి అయ్యారు. సూఫీ దర్గాల వద్ద తరతరాలుగా సాగిన ఆ గానంలో ప్రధాన గాయకుడికి వెనుక పాడే బృందం, హార్మోనియం, తబలా, లయబద్ధమైన చప్పట్లు ప్రాణం.

1985లో ఇంగ్లండ్‌లోని మెర్సీ ద్వీపంలో జరిగిన వోమాడ్ ఉత్సవంలో ఆయన చేసిన కచేరీ పాశ్చాత్య శ్రోతలకు ఆయనను పరిచయం చేసింది. ఆ ఉత్సవ వ్యవస్థాపకుల్లో ఒకరైన గాయకుడు పీటర్ గాబ్రియేల్ 1989లో రియల్ వరల్డ్ రికార్డ్స్‌ను ప్రారంభించారు. విల్ట్‌షైర్ ప్రాంతంలోని బాక్స్ గ్రామంలో ఆ సంస్థ స్టూడియో ఉంది. అదే సంవత్సరం నుస్రత్ సంప్రదాయ ఖవ్వాలీ ఆల్బమ్ ‘షహన్‌షా’ను ఆ సంస్థ విడుదల చేసింది.

మరుసటి ఏడాది మైకేల్ బ్రూక్ రూపకల్పనలో ‘మస్త్ మస్త్’ వచ్చింది. ఇందులో నుస్రత్ గాత్రానికి గిటార్, బేస్, పాశ్చాత్య డ్రమ్స్ తోడయ్యాయి. పాటల నిడివి బాగా తగ్గింది. దర్గాలో అరగంట దాకా సాగగల గానం ఇక్కడ నాలుగైదు నిమిషాలకు ఒదిగింది. ఆల్బమ్ చివర బ్రిస్టల్ నగరానికి చెందిన మ్యాసివ్ అటాక్ బృందం శీర్షిక గీతానికి చేసిన రీమిక్స్‌ను చేర్చారు. బ్రిటన్ క్లబ్‌లలో ఆదరణ పొందిన తొలి ఉర్దూ పాటగా దానిని తరచూ ప్రస్తావిస్తారు. సింధ్ ప్రాంతంలోని సెహ్వాన్‌లో కొలువైన సూఫీ సంతుడు లాల్ షహబాజ్ ఖలందర్‌ను స్తుతించే గీత సంప్రదాయం నుంచి వచ్చిన పాట అది. 1994లో వచ్చిన హిందీ చిత్రం ‘మోహ్రా’లోని ప్రజాదరణ పొందిన గీతానికి కూడా మూలం ఆ సంప్రదాయంలో నుస్రత్ పాడిన పాటే.

బ్రూక్‌తో నుస్రత్ రెండో ఆల్బమ్ ‘నైట్ సాంగ్’ 1996లో వెలువడింది. ‘స్టార్ రైజ్’ రీమిక్స్‌లకు ఆధారం ఈ రెండు ఆల్బమ్‌లే.

అర్థం తెగిన చోట అభ్యంతరం

‘మస్త్ మస్త్’ తయారీలో ఎదురైన ఒక చిక్కును మైకేల్ బ్రూక్ స్వయంగా వివరించారు. గాత్రాన్ని కత్తిరించి అమర్చే క్రమంలో కొన్ని చోట్ల వాక్యం మధ్యలో తెగిపోయింది. సాహిత్యం తెలియని సంగీతకారుడికి అది ఇంపైన ధ్వని మాత్రమే. భాష తెలిసిన గాయకుడికి మాత్రం అది అర్థం చెడిన పదబంధం. కేవలం స్వరాలు పలికిన చోట్ల కూడా ఒక సంచారం పూర్తికాకుండానే ఆగిపోవడం నుస్రత్‌కు సమ్మతం కాలేదు. దాంతో కొన్ని కత్తిరింపులను వదులుకుని, తొలగించిన భాగాలను తిరిగి చేర్చారు.

చిన్నదిగా కనిపించే ఈ సంఘటన రీమిక్స్‌కు సంబంధించిన అసలు సమస్యను ఎత్తి చూపుతుంది. ఖవ్వాలీలో మాటను పదేపదే పలకడానికి ఒక ప్రయోజనం ఉంది. ఒక చరణాన్ని తిప్పితిప్పి పాడుతూ, మధ్యలో మరో కవి పంక్తిని జోడిస్తూ, శ్రోతను అర్థం నుంచి తన్మయత్వానికి నడిపించడం ఆ గాన లక్ష్యం. రీమిక్స్‌లోనూ పునరావృత్తి ఉంటుంది. అయితే అక్కడ యంత్రం ఒకే ముక్కను అదే రీతిలో తిరిగి వినిపిస్తుంది. గాయకుడు ఇరవైసార్లు పాడితే ఇరవై ఛాయలు పలుకుతాయి. శాంప్లర్ ఇరవైసార్లు వినిపిస్తే మొదటిసారి పలికిన ఛాయే ఇరవైసార్లు పలుకుతుంది.

నుస్రత్ ఆ రోజు స్టూడియోకు అందుబాటులో ఉన్నారు కాబట్టి అభ్యంతరం చెప్పగలిగారు. మార్పులకు బ్రూక్ సిద్ధపడ్డారు కాబట్టి అది ఫలించింది. ఆ సంభాషణకు అవకాశం లేనప్పుడు గాయకుడి తరఫున ఎవరు మాట్లాడాలన్నది ఆనాటి నుంచి మిగిలిన ప్రశ్న.

రెండో తరం వినికిడి

‘స్టార్ రైజ్’లో టాల్విన్ సింగ్, నితిన్ సాహ్నీ, జోయ్, స్టేట్ ఆఫ్ బెంగాల్, ఏషియన్ డబ్ ఫౌండేషన్, ఫన్-డా-మెంటల్, బ్లాక్ స్టార్ లైనర్ తదితరులు పాల్గొన్నారు. వీరిలో చాలామంది తల్లిదండ్రులు ఉపఖండం నుంచి బ్రిటన్‌కు వలస వెళ్లినవారు. ఇంట్లో సినిమా పాటలు, ఖవ్వాలీలు, బెంగాలీ జానపదాలు వింటూ, బయట రెగే, హిప్‌హాప్, టెక్నో వింటూ పెరిగిన తరం ఇది. వారికి నుస్రత్ కొత్తగా కనుగొన్న విదేశీ అద్భుతం కాదు. ఇంట్లో టేప్ రికార్డర్ నుంచి వినవచ్చిన పరిచితమైన గొంతు.

1990ల బ్రిటన్‌లో ఈ తరం జాతివివక్షను ప్రత్యక్షంగా ఎదుర్కొంది. 1993లో దక్షిణాసియా జనాభా గణనీయంగా ఉన్న తూర్పు లండన్‌లో, బ్రిటిష్ నేషనల్ పార్టీ అభ్యర్థి మిల్‌వాల్ వార్డు నుంచి స్థానిక మండలికి ఎన్నికయ్యారు. అదే ఏడాది లండన్‌లోని కమ్యూనిటీ మ్యూజిక్ అనే శిక్షణ కేంద్రంలో ఏషియన్ డబ్ ఫౌండేషన్ రూపుదిద్దుకుంది. ఆ బృందమూ, అకీ నవాజ్ నాయకత్వంలోని ఫన్-డా-మెంటల్ కూడా జాతివివక్ష వ్యతిరేక ఉద్యమాలతో మమేకమై పనిచేశాయి. టాల్విన్ సింగ్ 1995లో లండన్‌లోని బ్లూ నోట్ క్లబ్‌లో ‘అనోఖా’ పేరిట వారం వారం సంగీత రాత్రులను మొదలుపెట్టారు. 1997లో అదే పేరుతో వెలువడిన సంకలనం ‘ఏషియన్ అండర్‌గ్రౌండ్’ అనే ధోరణిని విస్తృతంగా పరిచయం చేసింది. 1999లో ఆయన ‘ఓకే’ ఆల్బమ్ బ్రిటన్‌లో ప్రతిష్ఠాత్మకమైన మెర్క్యురీ బహుమతిని గెలుచుకుంది.

ఈ నేపథ్యంలో చూస్తే ‘స్టార్ రైజ్’ వాణిజ్య ప్రయోగానికి మించినదిగా అర్థమవుతుంది. తల్లిదండ్రుల సంగీతాన్ని సిగ్గుపడి దాచుకోకుండా, అలాగని దానిని గాజు పెట్టెలో ఉంచి పూజించకుండా, తమ ఊరి లయతో తిరిగి వినిపించాలన్న పట్టుదల అందులో ఉంది. ఏషియన్ డబ్ ఫౌండేషన్ చేతిలో ‘తా దీమ్’ వేగవంతమైన డ్రమ్స్, బరువైన బేస్ నడుమ సాగుతుంది. మూలంలోనే అది అర్థమున్న సాహిత్యం కాక తరానా తరహా జతుల గానం కావడం వల్ల, మాటలు తెగే ప్రమాదం అక్కడ తక్కువ. లయాక్షరాలు యంత్ర లయకు సహజంగానే జోడీ కుదిరాయి.

ఆలాపన యంత్రంలో ఎలా ఒదుగుతుంది?

ఖవ్వాలీని నాట్య సంగీతంగా మార్చడంలో మొదటి సమస్య లయ. ఎలక్ట్రానిక్ సంగీతంలో లయను గడియారంలా యంత్రం నడుపుతుంది. హౌస్ శైలిలో నిమిషానికి సుమారు 120 నుంచి 130, డ్రమ్ అండ్ బేస్‌లో సుమారు 160 నుంచి 180 దెబ్బలు ఉంటాయి. ఖవ్వాలీ బృందం లయ అలా బిగుసుకుని ఉండదు. గాయకుడి ఉద్వేగాన్ని బట్టి అది మెల్లగా వేగం పుంజుకుంటుంది. ఆలాపనకైతే తాళమే ఉండదు.

టేపు వేగాన్ని పెంచితే పాట వేగం పెరుగుతుంది, దానితో పాటే శ్రుతి కూడా పెరుగుతుంది. నిమిషానికి 85 దెబ్బల పాటను 90కి తెస్తే శ్రుతి దాదాపు ఒక అర్ధస్వరం పైకి జరుగుతుంది. గాయకుడి గొంతులోని గాంభీర్యం తగ్గి పలచగా వినిపిస్తుంది. 1980ల చివరి నుంచి అందుబాటులోకి వచ్చిన డిజిటల్ శాంప్లర్లు శ్రుతిని కదిలించకుండా వేగాన్ని మార్చే సౌకర్యం కల్పించాయి. అయితే ఆ మార్పు ఎక్కువైతే గాత్రంలో గరగర, లోహపు జీర వినిపించేవి.

అందుకే చాలామంది సరళమైన గణితాన్ని ఆశ్రయించారు. నిమిషానికి 85 దెబ్బల వేగంతో పాడిన గాత్రం 170 దెబ్బల డ్రమ్స్‌పై సరిగ్గా రెండింతల లెక్కలో కూర్చుంటుంది. గాయకుడు తన విళంబంలో తాను సాగుతుంటే, కింద తాళం ద్రుతంలో పరుగెడుతుంది. కర్ణాటక సంగీతంలో రెండు కాలాలు ఏకకాలంలో నడిచిన అనుభూతి లాంటిదే ఇదీ. ఉపఖండపు గాత్రం డ్రమ్ అండ్ బేస్‌తో అంత తేలికగా కలిసిపోవడానికి ఇదొక కారణం.

రెండో పరిమితి యంత్రాల జ్ఞాపకశక్తి. 1988లో వచ్చిన ప్రసిద్ధ శాంప్లర్ అకాయ్ ఎస్1000లో మొదట ఉన్న నిల్వ సామర్థ్యం 2 మెగాబైట్లు. సీడీ నాణ్యత గల స్టీరియో ధ్వనిని అందులో సుమారు 12 సెకన్లే నిల్వ చేయవచ్చు. అదనపు పరికరాలతో దానిని పెంచుకునే వీలున్నా, అప్పటి రీమిక్స్‌లలో గాత్రం చిన్న చిన్న ముక్కలుగా వినిపించడానికి ఆ పరిమితి కూడా తోడ్పడింది. కళాకారుడి అభిరుచిగా మనం భావించే అనేక విషయాల వెనుక ఇలాంటి యంత్రపు కట్టుబాట్లు ఉంటాయి.

మూడో సమస్య రాగం. పాశ్చాత్య సంగీతం స్వరాలను గుచ్ఛాలుగా పేర్చి, ఒక గుచ్ఛం నుంచి మరొకదానికి కదులుతుంది. ఉపఖండపు గానం ఒకే ఆధార షడ్జంపై నిలిచి రాగాన్ని విప్పుతుంది. గాత్రం కింద గుచ్ఛాలను ఇష్టానుసారం మార్చితే రాగ స్వరూపం దెబ్బతింటుంది. అందువల్ల ఆధార శ్రుతిని బేస్ స్వరంగా నిలబెట్టి, పైన లయను, ప్రతిధ్వనులను మాత్రమే మార్చడం సురక్షితమైన దారి. జమైకా డబ్ శైలి కూడా ఒకటి రెండు స్వరాల బేస్ చుట్టూ తిరిగేదే కనుక ఆ రెంటి మధ్య పొత్తు సులువుగా కుదిరింది.

దక్కిందేమిటి, పోయిందేమిటి?

రీమిక్స్‌ల వల్ల నుస్రత్ గాత్రం ఖవ్వాలీ పేరే వినని శ్రోతలకు చేరింది. క్లబ్‌లో ఆ గొంతు విన్న యువకులు మూల ఆల్బమ్‌లను, ఆ తర్వాత దర్గా సంప్రదాయపు సుదీర్ఘ ధ్వనిముద్రణలను వెతుక్కుంటూ వెళ్లే దారి ఏర్పడింది. బ్రిటన్‌లోని దక్షిణాసియా యువతకు అది ఒక ఆత్మగౌరవ చిహ్నమైంది. నుస్రత్ స్వయంగా ప్రయోగాలకు విముఖుడు కాదు. 1994 నాటి ‘బాండిట్ క్వీన్’ చిత్రానికి సంగీతం సమకూర్చారు. 1995లో హాలీవుడ్ చిత్రం ‘డెడ్ మ్యాన్ వాకింగ్’ కోసం అమెరికా రాక్ గాయకుడు ఎడ్డీ వెడర్‌తో కలిసి పాడారు. 1997లో ఏఆర్ రెహమాన్ ‘వందేమాతరం’ ఆల్బమ్‌లో గళం కలిపారు.

మరోవైపు నష్టమూ ఉంది. ఖవ్వాలీ బృందగానం. హార్మోనియంపై ఉండే తమ్ముడు ఫరూఖ్ ఫతే అలీ ఖాన్, వెనుక పాడే గాయకులు, తబలా కళాకారుడు, చప్పట్లు చరిచేవారు అందరూ కలిస్తేనే ఆ గానానికి నిండుదనం. ఒక్క గొంతును విడదీసి కొత్త లయపై నిలబెట్టినప్పుడు బృందం కనుమరుగవుతుంది. కవి పేరు, కవితా సందర్భం, స్తుతి ఎవరిని ఉద్దేశించిందన్న ఎరుక కూడా జారిపోతాయి. భక్తి గీతం ‘ప్రాచ్య వాతావరణం’ కల్పించే అలంకారంగా మిగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. ‘స్టార్ రైజ్’ ఆ ప్రమాదాన్ని కొంతవరకైనా తప్పించుకుందంటే, రీమిక్స్ చేసినవారిలో అనేకులకు ఆ సంగీతంతో ఇంటి బంధుత్వం ఉండటమే కారణం.

చట్టం ఏమంటోంది?

ఒక రికార్డులో కనీసం మూడు రకాల హక్కులు ఇమిడి ఉంటాయి. సాహిత్యం, స్వరరచనపై రచయితల హక్కు మొదటిది. ధ్వనిముద్రణపై నిర్మాణ సంస్థ హక్కు రెండోది. పాడినవారికి, వాయించినవారికి ఉండే ప్రదర్శకుల హక్కు మూడోది. అమీర్ ఖుస్రో వంటి ప్రాచీన కవుల రచనలపై ఎవరికీ కాపీరైట్ ఉండదు. అయితే వాటిని పాడిన ధ్వనిముద్రణపై ఉంటుంది. భారత చట్టం ప్రకారం ప్రచురించిన ధ్వనిముద్రణపై కాపీరైట్ 60 ఏళ్లు, ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు కొనసాగుతాయి.

పాత పాటను కొత్తగా పాడించి అమ్మడానికి భారత కాపీరైట్ చట్టంలోని 31సీ సెక్షన్ వీలు కల్పిస్తోంది. 2012 సవరణతో వచ్చిన ఈ సెక్షన్ ప్రకారం, తొలి ధ్వనిముద్రణ జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడవాలి. ముందస్తుగా రాయల్టీ చెల్లించాలి. అనుమతి లేకుండా, సాంకేతికంగా అవసరమైన మేరకు తప్ప, సాహిత్యాన్ని గానీ సంగీతాన్ని గానీ మార్చకూడదు. ఇది కవర్ వెర్షన్ అని స్పష్టంగా పేర్కొనాలి. సవరణకు ముందు ఈ గడువు రెండేళ్లే ఉండేది. మూల ధ్వనిముద్రణనే తీసుకుని చేసే రీమిక్స్‌కు మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. దానికి హక్కుదారైన సంస్థ లైసెన్సు తప్పనిసరి.

విదేశాల్లోనూ నిబంధనలు క్రమంగా బిగుసుకున్నాయి. అనుమతి లేని శాంప్లింగ్‌పై 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ర్యాప్ గాయకుడు బిజ్ మార్కీకి వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పు అమెరికా సంగీత పరిశ్రమ ధోరణినే మార్చింది. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వర్క్‌కు చెందిన సుమారు రెండు సెకన్ల ధ్వనిపై ఏళ్ల తరబడి సాగిన వివాదంలో ఐరోపా న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. వినేవారు గుర్తుపట్టలేనంతగా మార్చితే తప్ప, ఎంత చిన్న ముక్కకైనా నిర్మాత అనుమతి కావాలన్నది దాని సారాంశం.

డబ్బుతో ముడిపడని హక్కు మరొకటి ఉంది. రచనను వక్రీకరించి ప్రతిష్ఠకు భంగం కలిగిస్తే అడ్డుకునే నైతిక హక్కును 57వ సెక్షన్ రచయితలకు ఇచ్చింది. వారి తర్వాత చట్టబద్ధ వారసులు దానిని వినియోగించుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. 2012లో చేర్చిన 38బీ సెక్షన్ గాయకులకు, వాద్యకారులకు కూడా ఇలాంటి హక్కు కల్పించింది. అయితే ఎడిటింగ్ కోసం, నిడివి కుదించడం కోసం ప్రదర్శనలో కొంత భాగాన్ని తొలగించినంత మాత్రాన అది ప్రతిష్ఠకు భంగం కాదని అదే సెక్షన్ వివరణ ఇచ్చింది. నాడు నుస్రత్ అభ్యంతరం చెప్పినది సరిగ్గా అలాంటి తొలగింపులపైనే. చట్టం తప్పుపట్టని కత్తిరింపును కళాకారుడు తప్పుపట్టగలడన్న సత్యం ఇక్కడ బయటపడుతుంది.

హక్కులు సంస్థ చేతిలో ఉండి, సృష్టికర్త అసంతృప్తితో మిగిలిన సందర్భాలు భారత్‌లోనూ ఉన్నాయి. 2009 నాటి ‘ఢిల్లీ-6’ చిత్రంలోని తన పాటకు 2020లో వచ్చిన కొత్త రూపంపై ఏఆర్ రెహమాన్ సామాజిక మాధ్యమాల్లో అసమ్మతిని వ్యక్తం చేశారు. అసలు పాటనే వినాలని శ్రోతలను కోరారు.

కృత్రిమ మేధ కాలంలో

‘స్టార్ రైజ్’ నాటికి గాత్రాన్ని విడిగా పొందాలంటే మూల టేపులు ఉన్న సంస్థ తలుపు తట్టాల్సిందే. నేడు పూర్తయిన పాట నుంచి గొంతును వేరుచేసే సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులో ఉంది. 2023లో బీటిల్స్ విడుదల చేసిన చివరి పాటలో జాన్ లెనన్ గొంతును పాత క్యాసెట్ నుంచి అలాగే వెలికితీశారు. మరో అడుగు ముందుకు వేసి, గాయకుడు ఎన్నడూ పాడని పాటను ఆయన గొంతుతో పాడించడమూ సాధ్యమైంది. 2024లో ‘లాల్ సలామ్’ చిత్రం కోసం దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను వారి కుటుంబాల అనుమతితో పునఃసృష్టించినట్టు రెహమాన్ ప్రకటించారు. తెలుగు చిత్రం ‘కీడా కోలా’లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును తమ అనుమతి లేకుండా కృత్రిమ మేధతో వినిపించారని ఆయన కుటుంబం అభ్యంతరం తెలిపింది. 2024 ఆరంభంలో చిత్ర బృందానికి కుమారుడు ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు.

రీమిక్స్‌కూ, గొంతు పునఃసృష్టికీ మధ్య ఒక మౌలిక భేదం ఉంది. రీమిక్స్‌లో గాయకుడు నిజంగా పాడిన క్షణం ఒకటి ఉంటుంది. దానిని ఎంత కత్తిరించినా, మూలంతో పోల్చి తప్పొప్పులు నిర్ణయించవచ్చు. పునఃసృష్టిలో పోల్చి చూడటానికి మూలమే ఉండదు. అందువల్ల అక్కడ అనుమతి ప్రశ్న మరింత కీలకమవుతుంది.

నుస్రత్ విషయంలో మూలాన్ని వినే అవకాశం ఇటీవల మరింత విస్తరించింది. 1990 ఏప్రిల్‌లో బాక్స్ గ్రామంలోని స్టూడియోలో ఆయన బృందం పాడిన నాలుగు ఖవ్వాలీల టేపులు రియల్ వరల్డ్ భాండాగారంలో దొరికాయి. వాటిని ఆ సంస్థ ‘చైన్ ఆఫ్ లైట్’ పేరుతో 2024 సెప్టెంబరు 20న విడుదల చేసింది. బ్రూక్‌తో ‘మస్త్ మస్త్’ రూపొందిన సంవత్సరంలోనే, అదే స్టూడియోలో రికార్డయిన సంప్రదాయ గానమది. హార్మోనియం, తబలా, చప్పట్లు, బృందగానంతో, పాశ్చాత్య వాద్యాల జోడింపు లేకుండా సాగుతుంది.

ఒకే గాయకుడు, ఒకే స్టూడియో, ఒకే సంవత్సరం నుంచి వచ్చిన రెండు ధ్వనులు నేడు శ్రోత ముందు ఉన్నాయి. ఒకటి అన్య లయలతో చెలిమి చేసి, తర్వాత లండన్ యువకుల చేతుల్లో ‘స్టార్ రైజ్’గా మారింది. మరొకటి మూడు దశాబ్దాలకు పైగా టేపులో భద్రంగా ఉండి, పాడినట్టే వెలుగు చూసింది. మొదటిదాన్ని విన్నవారికి రెండోది అందుబాటులో ఉండటం, రెండింటిపైనా పాడినవారి పేర్లు స్పష్టంగా కనిపించడం, కత్తిరింపుపై గాయకుడికి మాట చెల్లడం అనే మూడూ కుదిరిన చోట రీమిక్స్ మూలానికి కొత్త శ్రోతలను తెచ్చిపెడుతుంది. అవి కొరవడిన చోట గొంతు మాత్రమే మిగిలి, పాడిన మనిషి మరుగున పడిపోతాడు.